ముందు వెళ్లే టికెట్, మిగిలిపోయే నిరీక్షణ

వరుసలో ముందు వెళ్లడానికి అమ్మే టికెట్ నిరీక్షణను మాయం చేయదు. ఒకరి నెత్తి మీది నుంచి దించి మరొకరి నెత్తి మీద పెడుతుంది. వినోద పార్కులో రైడ్ ముందు నిలబడ్డ వరుసకైనా, గుడిలో దర్శనం వరుసకైనా ఇది ఒక్కటే. కాబట్టి ఇలాంటి టికెట్ల గురించి అడగాల్సినవి రెండు ప్రశ్నలు. మొదటిది లెక్కకు సంబంధించినది: టికెట్ కొన్నవాళ్లు నిజానికి ఎంతసేపు ఆగుతారు? రెండోది ధర్మానికి సంబంధించినది: తన నిరీక్షణను పక్కవాడి మీదికి నెట్టే హక్కు మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? డబ్బు నుంచా, అవసరం నుంచా, ముందుగా రావడం నుంచా?

నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట మండలం నుంచి చూస్తే ఈ రెండు ప్రశ్నలూ ఒకే దారిలో ఎదురవుతాయి. జడ్చర్లకు వచ్చి 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ వైపు తిరిగితే, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా పార్కు ఉంది. అక్కడ మామూలు టికెట్ కంటే ఎక్కువ ధరకు ఫాస్ట్‌ట్రాక్ టికెట్ దొరుకుతుంది. అదే రహదారి మీద దక్షిణంగా తిరిగితే కర్నూలు, ఆపైన కడప మీదుగా తిరుపతి. అక్కడ మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ ఉంది. ఇక ఆ మండలంలోనే ఆవంచ పొలాల మధ్య వరుసా, టికెట్టూ ఎరుగని ఏకశిలా గణపతి ఉన్నాడు.

నిరీక్షణ లెక్క

ఒక రైడ్ గంటకు వెయ్యి మందిని ఎక్కించుకోగలదు అనుకుందాం. పొద్దున గేటు తెరిచే వేళకు సరిగ్గా వెయ్యి మంది నిలబడి ఉన్నారు. మొదటివాడు వెంటనే ఎక్కుతాడు, చివరివాడు గంట ఆగుతాడు. సగటు నిరీక్షణ 30 నిమిషాలు.

ఇప్పుడు వాళ్లలో మూడు వందల మంది ముందు వెళ్లే టికెట్ కొన్నారు. వాళ్లంతా ఎక్కడానికి 18 నిమిషాలు పడుతుంది, అంటే సగటున 9 నిమిషాలు ఆగుతారు. మిగిలిన ఏడు వందల మంది వంతు 18వ నిమిషంలో మొదలై 60వ నిమిషంలో ముగుస్తుంది. వాళ్ల సగటు 39 నిమిషాలు. వెయ్యి మందికీ కలిపి చూస్తే సగటు మళ్లీ 30 నిమిషాలే. టికెట్ కొన్నవాళ్లకు మిగిలిన ప్రతి నిమిషమూ కొననివాళ్ల ఖాతాలో పడింది.

ఎనిమిది వందల మంది కొంటే? వాళ్లందరూ ఎక్కేసరికి 48 నిమిషాలు గడుస్తాయి, సగటు నిరీక్షణ 24 నిమిషాలు. కొనని రెండు వందల మంది సగటున 54 నిమిషాలు ఆగాలి. అంటే టికెట్ కొన్నవాడికి, టికెట్లే లేని రోజుతో పోలిస్తే, మిగిలింది ఆరు నిమిషాలు. వెయ్యి మందీ కొంటే మిగిలేది సున్నా. అందరూ డబ్బు కట్టి, పాత వరుసలోనే నిలబడతారు.

ఈ లెక్కలో మరో తిరకాసు ఉంది. కొన్నవాడికీ కొననివాడికీ మధ్య తేడా మొదటి సందర్భంలో 39లోంచి 9 తీసేస్తే 30 నిమిషాలు. రెండో సందర్భంలోనూ 54లోంచి 24 తీసేస్తే 30 నిమిషాలే. కలిసివచ్చే కాలం కరిగిపోతున్నా, రెండు వరుసల మధ్య దూరం మాత్రం తగ్గదు. మనిషి పోల్చుకునేది టికెట్లు లేని రోజుతో కాదు, కళ్లెదుట ఉన్న పక్క వరుసతో. అందుకే టికెట్ విలువ పడిపోతున్నా దాన్ని కొనాలన్న ఒత్తిడి అలాగే ఉంటుంది. కొననివాడి నిరీక్షణ 30 నుంచి 39కి, 39 నుంచి 54కు పెరగడం ఆ ఒత్తిడికి తోడవుతుంది.

వరుసల శాస్త్రంలో ఇది కొత్త సంగతేమీ కాదు. డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ కాల్స్ మీద రాసిన పత్రంతో ఆ శాస్త్రం మొదలైంది. లియొనార్డ్ క్లైన్‌రాక్ 1965లో దానికి ఒక నిత్యత్వ సూత్రాన్ని చేర్చాడు. యంత్రం ఖాళీగా ఉండకుండా పని సాగుతున్నంతకాలం, ఎవరిని ముందు పంపినా పని బరువును బట్టి లెక్కగట్టిన నిరీక్షణ మొత్తం మారదని దాని సారాంశం. చెరువు తూము దగ్గర నీరటి చేసే పంపకం లాంటిదే ఇదీ. తూములోంచి వచ్చే నీళ్లు అంతే. ఒక మడికి ముందు పారించాడంటే ఇంకో మడి అంతసేపు ఎండినట్టే.

చెప్పే సమయానికీ పట్టే సమయానికీ తేడా రావడానికి ఇంకో కారణమూ ఉంది. టికెట్ మీద అచ్చయ్యే వేళ వరుసలోకి ప్రవేశించే వేళ. రైడ్ ఎక్కే వేళ కాదు. డిస్నీ పార్కులు 1999లో ఫాస్ట్‌పాస్ అనే పద్ధతిని ఉచితంగా ప్రవేశపెట్టాయి. సందర్శకుడు ఒక చీటీ తీసుకుని, చెప్పిన గంటకు వచ్చి పొట్టి వరుసలో నిలబడాలి. 2021లో దాన్ని ఆపేసి, డబ్బు కట్టి తీసుకునే లైట్నింగ్ లేన్ తెచ్చారు. ఏ పద్ధతిలోనైనా రెండు వరుసలు ఒకచోట కలవాలి. అక్కడ నిలబడ్డ ఉద్యోగి అటు నుంచి ఎందరిని, ఇటు నుంచి ఎందరిని వదులుతాడన్నదే అసలు నిరీక్షణను తేలుస్తుంది.

కొండ మీద వరుసలు

తిరుమలలో ఈ ఏర్పాటు వినోద పార్కు కంటే చాలా విస్తారంగా ఉంటుంది. ఏ టికెట్టూ లేనివాళ్లకు సర్వదర్శనం. తిరుపతిలో ముందుగా వేళ రాసిన టోకెన్ తీసుకున్నవాళ్లది మరో వరుస. అలిపిరి, శ్రీవారి మెట్టు దారుల్లో కాలినడకన ఎక్కేవాళ్లకు దివ్యదర్శనం పేరుతో వేరే టోకెన్ల పద్ధతి వచ్చింది. ఆన్‌లైన్‌లో 300 రూపాయలు కట్టినవాళ్లది ప్రత్యేక ప్రవేశ దర్శనం. ఆపైన ప్రముఖులకూ, సిఫారసు లేఖలు తెచ్చినవాళ్లకూ ఇచ్చే బ్రేక్ దర్శనాలు. 2019లో మొదలైన శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలు విరాళమిచ్చి, మరో 500 కడితే బ్రేక్ దర్శనం టికెట్ ఇస్తారు. సుప్రభాతం, తోమాల, అర్చన వంటి సేవల్లో కొన్ని టికెట్లను ఎలక్ట్రానిక్ డిప్, అంటే లాటరీ, తీసి పంచుతారు.

పొద్దున పత్రికల్లో తిరుమల సమాచారం రెండు మూడు వాక్యాల్లో వస్తుంది. ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు, మూడు వందల టికెట్‌కు ఎన్ని గంటలు. రద్దీ రోజుల్లో సర్వదర్శనం గంటలు పద్దెనిమిది, ఇరవై దాటుతాయి. మూడు వందల టికెట్ గంటలు మూడు, నాలుగు దగ్గర ఉంటాయి. టికెట్ మీద వేళ ఉన్నా రెండు మూడు గంటలు పట్టడం మామూలే. ఉచిత వరుసలో ఉన్నవాళ్లు వైకుంఠం క్యూ కాంప్లెక్స్ గదుల్లో నేల మీద తువ్వాలు పరుచుకుని నడుం వాలుస్తారు. పిల్లలకు పాలు, పెద్దలకు ఉప్మానో పొంగలో వస్తాయి. తలుపు తాళం తీసిన చప్పుడు వినగానే గది గదంతా గోవింద నామంతో లేచి నిలబడుతుంది.

ఇంత తేడాతో వచ్చిన వరుసలు గుడి లోపలికి వచ్చేసరికి కలిసిపోతాయి. మూడు వందలు కట్టినవాడూ, రాత్రంతా గదిలో పడుకున్నవాడూ దాదాపు ఒకే దూరం నుంచి స్వామిని చూస్తారు. రద్దీ రోజుల్లో మహాలఘు దర్శనం అమలులో ఉంటే, జయవిజయుల విగ్రహాలున్న వాకిలి దగ్గరే కొన్ని క్షణాలు చూసి కదలాలి. కాబట్టి ఈ టికెట్‌తో కొన్నది కాలాన్నే, సామీప్యాన్ని కాదు. సామీప్యం కూడా దొరికేది బ్రేక్ దర్శనంలోనూ, కొన్ని ఆర్జిత సేవల్లోనూ.

కొన్న కాలం కూడా పూర్తిగా చేతికి రాదు. ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలై త్వరగా అయిపోతాయి. క్యూ కాంప్లెక్సులో తగ్గిన గంటలు క్యాలెండర్‌లో నెలలుగా మారతాయి. టోకెన్ల సంగతీ అంతే. వైకుంఠ ఏకాదశి దర్శనానికి 2025 జనవరి 9 పొద్దున తిరుపతిలో టోకెన్లు ఇస్తారని తెలిసి, ముందు రోజే వేలమంది కేంద్రాల దగ్గరికి చేరారు. 8వ తేదీ రాత్రి జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వరుసను తగ్గించడానికి పుట్టిన టోకెన్ కోసమే ఆ వరుస కట్టింది.

మూడు వందల రూపాయలంటే ఎంత కాలం

టికెట్ ధర అందరికీ ఒకటే. ఆ ధర సంపాదించడానికి పట్టే కాలం మాత్రం ఒకటి కాదు. ఉపాధి హామీ పథకంలో తెలంగాణకు 2024–25లో నిర్ణయించిన రోజు కూలి 300 రూపాయలు. ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్‌తో సరిసమానం. నాగర్‌కర్నూల్ కూడా ఉన్న పాలమూరు ప్రాంతపు పల్లెలో ఎండలో మట్టి తవ్విన ఒక రోజును ఇచ్చి, కొండ మీద కొన్ని గంటలను కొనుక్కోవాలన్నమాట. పెద్దవాళ్లు నలుగురు వెళితే 1,200 రూపాయలు, నాలుగు రోజుల కూలి. నెలకు లక్ష తెచ్చుకునే ఉద్యోగికి అదే మూడు వందలు గంట పని కూడా కాదు.

డబ్బును పక్కన పెట్టి కాలాన్నే కొలిచి చూస్తే, కూలికి వెళ్లే మనిషికి ముందు వెళ్లే టికెట్ కొన్నిసార్లు సర్వదర్శనం కంటే ఎక్కువ నిరీక్షణ అవుతుంది. దానిలో కొంత భాగం గుడి వాకిట్లో కాక చెరువు పూడికతీత దగ్గర గడుస్తుంది, అంతే తేడా. ధనవంతుడి కాలం విలువైనది కాబట్టి అతను ముందు వెళ్లడమే అందరికీ లాభమని కొందరు ఆర్థికవేత్తలు వాదిస్తారు. ఆ వాదంలో కాలం విలువను కొలిచేది జీతం. కూలి మానుకుని, ఉన్న ఒక్క సెలవులో మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాడికి ఆ రోజు ఎంత విలువైనదో జీతం చెప్పలేదు. రాజకీయ తత్త్వవేత్త మైకేల్ శాండెల్ 2012లో రాసిన పుస్తకంలో డబ్బుతో కొనరాని వాటి చర్చను వరుస దాటే పద్ధతులతోనే మొదలుపెట్టడానికి కారణం ఇలాంటి తూకమే.

ముందు ఎవరు?

ఎవరు ముందు అన్న తర్కం తెలుగువాళ్లకు పురాణాలతోనే పరిచయం. భారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడూ అర్జునుడూ సాయం కోరి ద్వారకకు వస్తారు. దుర్యోధనుడు ముందు వచ్చి, నిద్రలో ఉన్న కృష్ణుడి తల వైపు కూర్చుంటాడు. అర్జునుడు తరువాత వచ్చి పాదాల దగ్గర నిలబడతాడు. కృష్ణుడు కళ్లు తెరిచి ముందు అర్జునుణ్ని చూస్తాడు. తిరుపతి వేంకట కవుల నాటకం వల్ల ఈ ఘట్టం తెలియని పల్లె ఉండదు. ముందు వచ్చానన్న దుర్యోధనుడి వాదాన్ని కృష్ణుడు కొట్టిపారేయడు. ముందు చూసింది అర్జునుణ్ని కాబట్టి ఇద్దరికీ సాయం చేస్తానంటాడు. కోరుకునే వంతు మాత్రం చిన్నవాడైన అర్జునుడికి ముందు ఇస్తాడు. ముందు రావడం గౌరవించాల్సిన హక్కే, అయినా అదొక్కటే హక్కు కాదని ఈ కథ తీర్పు. రాజు సంపద ఆ తీర్పులో ఎక్కడా లెక్కకు రాలేదు.

భాగవతంలోని గజేంద్ర మోక్షం రెండో సూత్రాన్ని చెబుతుంది. మొసలి నోట చిక్కిన ఏనుగు పిలిస్తే విష్ణువు ఉన్నపళంగా బయలుదేరాడు. ఆర్తి ఉన్నచోట వంతు పనికిరాదు. ఆసుపత్రి అత్యవసర విభాగం పాటించేది ఇదే. తిరుమలలో ఏడాది నిండని బిడ్డలున్న తల్లిదండ్రులకూ, వృద్ధులకూ, దివ్యాంగులకూ విడిగా ఉచిత ప్రవేశం ఏర్పాటు చేయడం వెనక ఉన్నదీ ఇదే సూత్రం. దీనివల్ల కూడా మిగతా వరుస కొంత ఆగాలి. అయినా అలా ఆగినందుకు ఎవరూ నొచ్చుకోరు. వరుసల మనస్తత్వం మీద డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం అన్యాయంగా తోచే నిరీక్షణ న్యాయమైన నిరీక్షణ కంటే పొడవుగా అనిపిస్తుందని చెప్పింది. చంటిబిడ్డ కోసం పక్కకు జరిగిన పది నిమిషాలు, సిఫారసు లేఖ కోసం ఆగిన పది నిమిషాలు గడియారంలో ఒకటే. మనసులో ఒకటి కావు.

మూడో కథ ద్వారపాలకులది. వైకుంఠం ఏడో వాకిట సనకాదులను అడ్డగించినందుకు జయవిజయులు శాపం పొందారు. లోపలివాడి మనసు తెలుసుకోకుండా వచ్చినవాళ్ల వేషం చూసి తీర్పు చెప్పడం వాళ్లు చేసిన తప్పు. వాకిలి కాసేవాడికి అధికారం ఉంటుంది, యాజమాన్యం ఉండదని ఈ కథ నేర్పుతుంది. దర్శనం టికెట్ల చర్చకు ఇదే ఇరుసు.

అమ్మదగినది, అమ్మరానిది

వినోద పార్కులో రైడ్ సంస్థ సొత్తు. సీటుకు ఏ ధర పెట్టాలో, ఎవరిని ముందు ఎక్కించాలో సంస్థ ఇష్టం. కొనేవాడికీ తాను సరదా కొంటున్నానని తెలుసు. అక్కడ న్యాయం అడిగేది నిజాయితీని మాత్రమే. ఫాస్ట్‌ట్రాక్ అమ్మేటప్పుడు ఆ రోజు ఎందరికి అమ్ముతున్నదీ, మామూలు వరుస ఎంత పెరుగుతున్నదీ దాచకూడదు.

గుడి సంగతి వేరు. భారత చట్టం దృష్టిలో దేవుడే ఆస్తికి యజమాని, న్యాయపరంగా ఒక వ్యక్తి. ట్రస్టు బోర్డులూ, దేవాదాయ శాఖలూ నిర్వాహకులు. దేవుడు ఒకడికి దొరికితే ఇంకొకడికి కరవయ్యే వస్తువు కాదని ప్రతి భక్తి సంప్రదాయమూ చెబుతుంది. కొరత ఉన్నది గడపకు. ఆ గడప వెడల్పును భక్తులందరి తరఫున నిర్వాహకుడు కాపాడుతున్నాడు. కాబట్టి ముందు వెళ్లే టికెట్ అమ్మినప్పుడు అతను అమ్ముతున్నది దేవుణ్ని కాదు, తన సొత్తునూ కాదు. పక్క వరుసలో ఉన్నవాళ్ల కాలాన్ని, వాళ్లను అడగకుండా.

డబ్బు వేంకటేశ్వరుడి కథకు కొత్తేం కాదని ఒక సమాధానం ఉంది. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు హుండీ కానుకలు వడ్డీ అని జనం నమ్మకం. పాలమూరులోని కురుమూర్తి స్వామి గుడి స్థలపురాణం కూడా ఆ అప్పు బాధతోనే స్వామి కృష్ణానది దాటి వచ్చాడని చెబుతుంది. అయితే హుండీలో వేసిన రూపాయి వంతును అడగదు. అది కానుక. టికెట్ రూపాయి ఒక చోటును అడుగుతుంది. అది ధర. రెండూ ఒకే ఖజానాకు చేరినా ఇచ్చినవాడి మనసులో వేర్వేరు పనులు చేస్తాయి.

రెండో సమాధానం ఇంకొంచెం గట్టిది. టికెట్ల ఆదాయంతో అన్నప్రసాదం, వసతులు, ఆలయాల నిర్మాణం జరుగుతాయి. శ్రీవాణి నిధులను వెనుకబడిన వాడల్లో గుళ్లు కట్టడానికీ, పాతవాటిని బాగుచేయడానికీ ఖర్చు చేస్తున్నారు. ఫలం మంచిదే. ఐరోపా చరిత్రలో ఇలాంటి వాదమే ఒకసారి చర్చిని రెండుగా చీల్చింది. చనిపోయాక ఆత్మ శుద్ధి కోసం గడపాల్సిన కాలాన్ని తగ్గిస్తామంటూ పాపపరిహార పత్రాలు అమ్మి, ఆ డబ్బును రోమ్‌లో సెయింట్ పీటర్ చర్చి నిర్మాణానికి మళ్లించారు. 1517లో మార్టిన్ లూథర్ దాన్ని ఎదిరించాడు. 1567లో పోప్ ఐదవ పయస్ డబ్బుతో ముడిపడ్డ అలాంటి పరిహారాలను రద్దు చేశాడు. కట్టిన గుడి గొప్పదైనంత మాత్రాన అమ్మిన సరుకు అమ్మదగినదైపోదని ఆ చరిత్ర చెబుతోంది. దర్శనం టికెట్ మోక్షాన్ని అమ్మడం లేదన్నది నిజమే. అందుకే ఇది అంతటి తప్పు కాదు, ప్రశ్న మాత్రం ఆ కుటుంబానిదే.

న్యాయస్థానం ఈ ప్రశ్నను తన నెత్తిన వేసుకోలేదు. గుళ్లలో వీఐపీ దర్శనం రుసుములను సవాలు చేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జనవరి 31న విచారణకు తీసుకోలేదు. ప్రత్యేక మర్యాదలు ఉండకూడదన్న అభిప్రాయం తమకు ఉండవచ్చని అంటూనే, రాజ్యాంగం 32వ అధికరణం కింద ఆదేశాలివ్వాల్సిన విషయం ఇది కాదని చెప్పి, చర్య తీసుకోవడం సంబంధిత అధికారులకు వదిలింది.

పాలమూరు చూపే రెండు పద్ధతులు

కురుమూర్తి జాతర దీపావళి తరువాత జరుగుతుంది. అందులో ముఖ్యమైనది ఉద్దాల ఉత్సవం. స్వామి పాదరక్షలను వడ్డెమాన్‌లో దళితులు నిష్ఠతో తయారుచేస్తారు. వాటిని ఊరేగింపుగా కొండ దగ్గరికి తెస్తారు. ఊళ్లో అన్నింటికంటే వెనక నిలబెట్టిన కులం చేతి పనిని దేవుడి ముందు అందరూ తలవంచి తాకుతారు. ముందు వెనకల వరుసను సమాజం ఎలా కట్టినా, దేవుడి సన్నిధి దాన్ని తిరగరాయగలదని చెప్పే ఆచారం ఇది. డబ్బుతో కట్టిన వరుస ఈ ఆచారానికి ఎదురు దిశలో నడుస్తుంది. బయటి హోదాను లోపలికి యథాతథంగా తెస్తుంది.

ఆవంచ గణపతి రెండో పద్ధతి. పాతిక అడుగులకు పైబడిన ఆ ఒంటిరాతి విగ్రహం పశ్చిమ చాళుక్యుల నాటిదని చెబుతారు. పొలాల మధ్య ఆరుబయట ఉంటుంది. గర్భగుడి గడప లేదు కాబట్టి ఇరుకు లేదు, ఇరుకు లేదు కాబట్టి వరుస లేదు. వచ్చినవాడు ఎంతసేపు కావాలంటే అంతసేపు చూస్తాడు. దీన్ని ఆదర్శంగా చూపి తిరుమలను నిందించడం సరికాదు. రోజుకు అరవై డెబ్బై వేల మంది ఆవంచకు వస్తే అక్కడా కంచెలు వేయాల్సిందే, టోకెన్లు ఇవ్వాల్సిందే. ఈ పోలిక చూపేది ఒక్కటే: వరుస భక్తిలో భాగం కాదు, జనసమ్మర్దానికి చేసుకున్న ఏర్పాటు. ఏర్పాటు కాబట్టే దాన్ని న్యాయంగానూ చేయవచ్చు, అన్యాయంగానూ చేయవచ్చు.

న్యాయమైన వరుసకు షరతులు

పై చర్చ నుంచి కొన్ని షరతులు తేలుతాయి. అవసరాన్ని బట్టి ఇచ్చే ముందు వంతు ఉచితంగా ఉండాలి, రద్దీ రోజున మొదట దానికే కత్తెర పడకూడదు. డబ్బు టికెట్లు ఎన్ని అమ్మినా ఉచిత వరుసకు రోజులో కొంత వాటా తప్పక మిగలాలి, ఆ వాటా ఎంతో ముందే ప్రకటించాలి. రెండు వరుసల నిరీక్షణనూ పక్కపక్కన ప్రకటించడం ఇప్పటికే ఉన్న మంచి అలవాటు. దానికి తోడు, టికెట్లు లేకపోతే ఉచిత వరుస ఎంత ఉండేదో కూడా చెబితే కొనేవాడికి తాను ఎవరి కాలం తీసుకుంటున్నాడో తెలుస్తుంది. టికెట్ కాలాన్ని తగ్గించవచ్చు గాని, సన్నిధిలో దూరాన్నీ క్షణాలనూ మార్చకూడదు. వచ్చిన డబ్బులో మొదటి హక్కు కాలం కోల్పోయిన వరుసకే ఉండాలి: వాళ్ల తిండికి, నీళ్లకు, నీడకు, మరుగుదొడ్లకు. ఒకే రోజు అందరూ కోరుకునే దర్శనానికి, వైకుంఠ ఏకాదశి వంటివాటికి, ధర కంటే డిప్ మేలు. అదృష్టం ఎవరి జేబునూ తడమదు.

ఈ షరతులు నెరవేరినప్పుడు మూడు వందల రూపాయల టికెట్ ఒక సౌకర్యానికి రుసుము అవుతుంది. నెరవేరనప్పుడు అది పక్కవాడి కాలం మీద వేసిన పన్ను. కొండ మీదైనా, రావిర్యాల పార్కులోనైనా ముందు వెళ్లే టికెట్ కొనేవాడు ఎంతసేపు ఆగాలో తేల్చేది టికెట్ మీది అంకె కాదు, అదే టికెట్ ఇంకెందరి చేతుల్లో ఉందన్నది. కొననివాడు ఎంతసేపు ఆగాలో తేల్చేదీ అదే.